వాగు తగ్గినాక

నూరు కిలోమీటర్లు పోవడానికి నాకు ముప్పై ఆరేళ్లు పట్టింది. తప్పు బస్సులది కాదు, అవి రోజూ పోతూనే ఉన్నాయి. ఎక్కనిది నేనే. పోయి వచ్చాక ఇప్పుడు రాస్తున్నాను. అటువైపు పోనివాళ్లు చదువుకుంటారని కొంత, రాయకపోతే నాకు మనసు నిలవదని కొంత.

నా పేరు వనమాల. వరంగల్‌లో మలేరియా ల్యాబులో రక్తం చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కొత్తవాడలో మాది మగ్గాల ఇల్లు. తెగిన పోగును మసక వెలుతురులో కూడా కనిపెట్టే కళ్లని చూసి నాకు ఆ ఉద్యోగం ఇచ్చారని మా అమ్మ వాడకట్టంతా చెప్పుకునేది. పరీక్ష రాసి తెచ్చుకున్నానంటే ఆమెకు అంత గొప్పగా అనిపించేది కాదు.

ఆ పని ఏమిటో రెండు మాటల్లో చెప్తాను. జ్వరం వచ్చిన మనిషి వేలు పొడిచి, ఒక బొట్టు రక్తం గాజుపలక మీద పూసి ఆరబెడతారు. దాన్ని స్లైడు అంటాం. దానికి రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి వంద చోట్ల వెతకాలి. మలేరియా పురుగు కనిపిస్తే పాజిటివ్, లేకపోతే నెగటివ్. అప్పట్లో మేడారం చుట్టుపక్కల అడవి ఊళ్లకు రక్తం చూసే మనిషి లేక, అక్కడి స్లైడ్లు మా దగ్గరికి బస్సులో వచ్చేవి. పంపే హెల్త్ వర్కర్ పేరు సమ్మయ్య. పదిహేను రోజులకోసారి సైకిల్ మీద ఇంటింటికీ పోయి, జ్వరం ఎవరికుందో అడిగి రక్తం తీయడం ఆయన పని. ఒక్కో స్లైడును పాత పేపరు ముక్కలో చుట్టి, డబ్బాలో పేర్చి, కండక్టర్ చేతికిచ్చేవాడు.

ఆ పేపరు ముక్కల అంచున, అచ్చు లేని తెల్లటి చోట, పెన్సిలుతో ఒక మాట రాసేవాడు. "ఇప్పపూలు రాలుతున్నయి." "నిన్న గుడ్డేలుగు అడ్డమొచ్చింది, సైకిల్ ఇడిసి ఉరికిన." మొదట నవ్వుకుని పారేశాను. తర్వాత పారేయలేదు. రిపోర్టు చివర రిమార్కులు రాసే గడిలో నేనూ జవాబు రాయడం మొదలుపెట్టాను. "అన్నీ నెగటివ్. గుడ్డేలుగు క్షేమమా?" ఇట్లా నాలుగేళ్లు. ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఆయన మొహం నాకు తెలియదు, చేతిరాత మాత్రం వెయ్యి మందిలో గుర్తుపడతాను.

నాలుగో ఏడు వానాకాలంలో వచ్చిన డబ్బాలో ఒక ముక్క మీద కాస్త పొడుగ్గా రాసి ఉంది. "వాగు నిండుగ పోతాంది. తగ్గినంక ఒక్కసారి రాండ్రి, మా ఊళ్లన్ని చూపిస్త." ఆ రోజు స్లైడ్లన్నీ చూసి, అన్నిటికీ నెగటివ్ అని వేసి, చివరి గడిలో "వాగు తగ్గగానే చెప్పండి, వస్త" అని రాశాను. ఆ రిపోర్టును నేనే బస్టాండుకు తీసుకుపోయి కండక్టర్ చేతికిచ్చాను. ఈ వయసులో ఇంకా దాచుకోవడం దేనికి?

వారం తిరక్కుండా ఇంకో డబ్బా వచ్చింది. నేను నెగటివ్ వేసిన పేర్లలో ఒకటి మళ్లీ ఉంది. ఈశ్వరి, ఏడాదిన్నర, తల్లి సారక్క, ఊటగూడెం. ఫారం మీద ఎర్రసిరాతో "విషమం" అని రాసి ఉంది. కొత్త స్లైడులో ఎక్కడ చూసినా పురుగే. పాత స్లైడు బయటికి తీసి మళ్లీ మూడు వందల చోట్ల వెతికాను. ఒక్కటి కనిపించలేదు. అయినా మనసు ఊరుకుంటుందా? రంగు సరిగ్గా పట్టలేదేమో. మొదటిసారి వాగు గురించి ఆలోచిస్తూ చూశాను కదా, కళ్లు ఎటో పోయాయేమో.

ఆ డబ్బా నుంచి పేపరు అంచుల మీద రాత ఆగిపోయింది. స్లైడ్లు వచ్చాయి, ఫారాల మీద అవే అక్షరాలు వచ్చాయి, అంచులు మాత్రం తెల్లగా ఉండేవి. పిల్ల పోయిందనీ, నా చూపే దానికి కారణమని ఆయన అనుకుంటున్నాడనీ నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అడిగి ఉండొచ్చు. నెలనెలా అటు నుంచి మనుషులు వచ్చేవారు. మాట నోటి దాకా వచ్చేది, తీరా నోరు తెరిస్తే ములుగు బస్సులు ఎప్పుడున్నాయని అడిగేదాన్ని. మరుసటేడు కాజీపేట రైల్వే గార్డుతో నా పెళ్లయింది. ఆయన మంచి మనిషి, కాదంటే నాకు కళ్లు పోతాయి. ఐదేళ్ల కింద పోయాడు. ఆ తర్వాత ఉద్యోగమూ అయిపోయింది. చెప్పుకోవడానికి సాకులు మిగల్లేదు.

దాచిన ఆ చివరి పేపరు ముక్కను పర్సులో పెట్టుకుని, పోయిన చలికాలంలో ఒక పొద్దున బయలుదేరాను. ఆ పిల్ల బతికిందా లేదా తెలుసుకోవాలి. ఆయన కనిపిస్తే, తప్పు నాదేనా అని అడగాలి. అంతకు మించి నాకు అక్కడ పని లేదు.

హనుమకొండ బస్టాండు

ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి బస్సు నిండా మేమే. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ సున్నా కొట్టిన చీటీ చేతిలో పెడుతుంది. మగవాళ్లు నలుగురైదుగురు పైసలిచ్చి కూడా నిలబడి, ఇదేం కాలమన్నట్టు మమ్మల్ని చూస్తున్నారు. వాళ్లమీద జాలి పడే ఓపిక ఎవరికీ ఉన్నట్టు లేదు.

నా పక్కన కూర్చున్నావిడ ఆత్మకూరు పోతున్నది. బాలింతగా ఉన్న బిడ్డకు కొత్త కుక్కరు ఒళ్లో పెట్టుకుని మోస్తున్నది. కూర్చోవడంతోనే షుగరున్నదా అని అడిగింది. లేదన్నాను. బీపీ? ఉంది. ఆమె మొహం వెలిగింది, తనకూ ఉందట. వాళ్ల ఊళ్లో ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి చేతికి పట్టీ కట్టి చూసి, నెలకు సరిపడా గోలీలు ఇచ్చిపోతుందని చెప్పింది. మా అమ్మ కాలంలో పక్క సీటువాళ్లు మొదట కులం అడిగేవారు, ఇప్పుడు షుగర్ అడుగుతున్నారు. ఎంతో కొంత ముందుకు పోయినట్టే.

నేను ఎక్కడికని అడిగితే మేడారం దిక్కు అన్నాను. మొక్కు ఉన్నదా అన్నది. ఉన్నదన్నాను. అబద్ధమేమీ కాదు.

ములుగు

ములుగులో దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. బస్టాండు ఎదురుగా బండి మీద మిర్చీలు తిన్నాను, నాలుగు ముప్పై రూపాయలు. మా వరంగల్‌లో మిర్చిలో వాము, చింతపండు కూరుతారు. ఇక్కడ ఏమీ కూరకుండా కారం కారంగానే వేస్తారు. కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే బండి ఆయన నవ్వకుండా ఇప్పపూల లడ్డూ ఒకటి చేతిలో పెట్టాడు. నమిలితే కాలిన బెల్లం వాసన, ఆ వెనకాల ఒక అడవి తీపి. ముప్పై ఆరేళ్ల కింద పేపరు అంచు మీద చదివిన పువ్వు రుచి ఇదన్నమాట. పదిహేను రూపాయలకు దొరికేదాన్ని నేను ఇన్నేళ్లూ తినకుండానే ఉన్నాను.

అక్కడి దవాఖాన ల్యాబుకు పోయి నేను ఫలానా అని చెప్పుకున్నాను. టెక్నీషియన్ ముప్పై ఏళ్లు కూడా లేని కుర్రవాడు, లేచి కుర్చీ ఇచ్చాడు. ఇప్పుడు జ్వరం వస్తే గోరంత రక్తంతో ఊళ్లోనే కిట్టు మీద పావుగంటలో తేలిపోతున్నదని, మలేరియా పురుగును స్లైడులో చూసి చాలా రోజులైందని చెప్పాడు. చెప్తూ చెప్తూ, మేడం ఒకసారి చూస్తారా అని శిక్షణ కోసం దాచిన పాత స్లైడును పెట్టాడు.

కన్ను ఆనించాను. నీలం రంగు ఉంగరం, దానికి ఎర్రటి పొడ. చేయి దానంతటదే మర తిప్పింది. ఎంతమందిని మంచాన పడేసిన పురుగు అది, దాన్ని చూసి చుట్టాన్ని చూసినట్టు సంతోషపడ్డాను. నా ఉద్యోగం మీద నాకు ఇంత బెంగ ఉందని అప్పటిదాకా తెలియదు.

తల ఎత్తకుండానే అడిగాను, సమ్మయ్య అని ఒక హెల్త్ వర్కర్ ఉండేవాడు, ఇప్పుడెక్కడున్నాడని.

"సమ్మయ్య సారా మేడం? పోయి రెండేండ్లయితాంది. గుండె నొప్పి. రిటైరైనంక గూడ ఆశాలకు ట్రైనింగ్ ఇయ్యనీకి వచ్చేటోడు."

స్లైడు మీద ఉంగరం చెదిరిపోయింది. కుర్రవాడు ఫోకస్ సరిగ్గా లేదనుకుని మర తిప్పబోయాడు. సరిగ్గానే ఉంది బిడ్డా అన్నాను. రెండేళ్లు. అప్పటికే నేను ఖాళీగా ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్నాను.

వాపసు పోదామనే అనుకున్నాను. కానీ పిల్ల సంగతి అట్లాగే ఉండిపోయింది. ఊటగూడెం పోవాలన్నాను. ఊటగూడెం ఆశా రాధ అని, మీటింగుకు వచ్చి అప్పుడే పోయిందని కుర్రవాడు చెప్పి ఫోన్ కలిపాడు. రేపు జీపెక్కి తాడ్వాయి దాటినాక దిగమన్నది, తను స్కూటీ మీద వచ్చి తీసుకుపోతానన్నది. సారక్క ఇల్లు తెలుసా అని అడిగాను, ఎందుకు తెలవదు తోల్కపోత అన్నది. సారక్క బిడ్డ గురించి మాత్రం అడగలేకపోయాను. ఫోన్లో వినే మాట కాదది.

మేడారం, అనుకోకుండా

రాత్రి ములుగులోనే ఉండి, మర్నాడు జీపెక్కాను. జీపులో పద్నాలుగు మందిమి, రెండు మేకలం. మేకల్ని కూడా లెక్కలో కలిపింది ఎందుకంటే అందులో ఒకటి దారంతా నా భుజం మీదే తల పెట్టింది. దిగాల్సిన చోట దిగుతానంటే డ్రైవర్ వినిపించుకోలేదు. ఒంటిగా వచ్చిన పెద్దమనిషి, చేతిలో సంచి, అమ్మల దగ్గరికి కాక ఇంకెక్కడికి పోతుంది? నేను గొంతు పెంచేసరికి మేడారం రానే వచ్చింది.

జాతర రెండేళ్లకోసారి. ఇది జాతర ఏడు కాకపోవడంతో ఊరు నిమ్మళంగా ఉంది. అన్ని లక్షల జనాన్ని మోసే నేల ఖాళీగా ఉంటే, పెళ్లయిపోయిన ఇంటి పందిట్లో నిలబడ్డట్టు ఉంటుంది. కొట్టు ఆయన ఎంత బంగారం తూయాలి అని అడిగాడు. ఇక్కడ బెల్లాన్ని బంగారమనే అంటారు, అమ్మలకు సమర్పించేది అదే. కిలో డెబ్బై. రెండు కిలోలు తీసుకుని, ఒకటి అమ్మల గద్దెల దగ్గర పెట్టి, కొబ్బరికాయ కొట్టి దండం పెట్టాను. ఏం మొక్కుకోవాలో తోచలేదు. ముప్పై ఆరేళ్ల కింద జరిగిపోయినదాన్ని ఇప్పుడు మంచిగా జరిపించమని అడగడం అమ్మలకు కూడా ఇబ్బందే. కొబ్బరిచిప్పను కోతి లాక్కుపోయింది, అది మాత్రం చేరవలసిన చోటికి చేరింది.

రాధకు ఫోన్ చేస్తే పడీపడీ నవ్వి, అక్కడే ఉండుండ్రి అన్నది. ఆమె వచ్చేలోపు జంపన్న వాగు దగ్గరికి నడిచాను, పేపరు ముక్క మీది వాగు అదే. నీళ్లు మడమల దాకా కూడా లేవు. ఇసుకలో సన్నటి పాయ ఒకటి మెల్లగా పోతున్నది, ఒకామె అందులో గిన్నెలు తోముకుంటున్నది. చెప్పులు విడిచి నిలబడ్డాను. చల్లగా ఉంది. ఈ వాగు ప్రతి ఏడూ నిండింది, ప్రతి ఏడూ తగ్గింది. చెప్పేవాడి కోసం ఎదురుచూడకుండా ఏ ఏడైనా నేనే వచ్చి చూసుకోవలసింది. ఆ మాట అనుకోగానే ఏడుపు వచ్చింది. గిన్నెలు తోముకుంటున్నామె, మొక్కు బలమైనదేమో అనుకుని, మొహం పక్కకు తిప్పుకున్నది.

ఊటగూడెం

రాధకు ముప్పై రెండేళ్లుంటాయి, కోయ పిల్ల. ఊదారంగు చీర, భుజాన సంచి, సంచిలో కిట్లు, గోలీలు, పుస్తకం. స్కూటీ మీద వెనక కూర్చున్న నన్ను గుంత వచ్చినప్పుడల్లా పట్టుకొమ్మని హెచ్చరిస్తూ తీసుకుపోయింది.

ఊళ్లోకి పోగానే నాకు మొదట కనిపించినవి దోమతెరలు. సర్కారు ఇంటింటికీ పంచిన మందు తెరలు. ఒకటి కోడిపిల్లలకు గంపలా కప్పి ఉంది. ఒకటి పెరట్లో టమాట నారు చుట్టూ దడిలా కట్టి ఉంది. ఇంకొకదాన్ని చేపల వలగా కుట్టుకుంటున్న ముసలాయన రాధను చూసి ఒళ్లో దాచుకున్నాడు. కోడిపిల్లలకు మలేరియా వస్తదా తాతా అని రాధ అడిగితే, రాకుండ కప్పినం బిడ్డా అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. మా కొత్తవాడలో తెరలు కొనుక్కుంటాం కాబట్టి మంచాలకే కడతాం. గొప్పేమీ లేదు, మగ్గం గుంతలో నీళ్లు నిలబెట్టి దోమల్ని మేమే పెంచుకుంటాం.

ఒక ఇంట్లో నాలుగేళ్ల పిల్లకు రెండు రోజులుగా జ్వరమట. రాధ కిట్టు తీసేసరికి పిల్ల ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చింది. నాయనమ్మ ముందుకొచ్చి తన వేలు చాపింది, నాది తీయి అన్నట్టు. రాధ ఆ చేతిని మెల్లగా పక్కకు పెట్టి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మాటల్లో పెట్టి పొడిచేసింది. ఒకే గీత వచ్చింది, మలేరియా కాదు. నాయనమ్మకు జాగ్రత్తలు చెప్పి బయటికి వచ్చాక రాధ నాతో అన్నది:

"ఎవల రక్తం వాళ్లదే తీయాలె మేడం. తల్లి వేలు పెట్టినా, అవ్వ వేలు పెట్టినా తీయొద్దు. సమ్మయ్య సార్ ట్రైనింగ్‌ల మా అందరితోని ఒట్టేపిచ్చుకున్నడు."

అంత పెద్ద ఒట్టు దేనికని అడిగాను. తెలవదు, ఆ ముచ్చట చెప్పేటప్పుడు మాత్రం సార్ గొంతు మారేదని అన్నది. నాకు ఒక అనుమానం తట్టింది. కానీ రక్తం చూసే ఉద్యోగం చేసినదాన్ని, సగం చూసి రిపోర్టు రాయను.

మధ్యాహ్నం రాధ ఇంట్లో తిన్నాను. వేడి అన్నం, ఎండుచేపల పులుసు. పందిరి నిండా చిక్కుడుకాయ కాసి ఉంది, కూరలో మాత్రం లేదు. కొత్తల పండుగ చేసి దేవుడికి పెట్టేదాకా కొత్త కాయ ముట్టరట. మా వాడకట్టులో మొదటి కాయ మార్కెట్లోకి రాగానే ధర ఎంతైనా ముందు కొనేది ఎవరా అని పోటీ. కళ్ల ముందున్నదాన్ని పండుగ దాకా ఆగి తినేవాళ్ల పందిరి కింద కూర్చుని నేను పులుసన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

సారక్క గోడ

ఆ రాత్రి రాధ ఇంట్లోనే పడుకుని, మర్నాడు పొద్దున్నే పోయాం. చిన్న మట్టి ఇల్లు, గోడలు ఎర్రమట్టితో నున్నగా అలికి ఉన్నాయి. సారక్కకు నాకంటే మూడు నాలుగేళ్లు తక్కువే ఉంటాయి. ముంగిట్లో కందులు చెరుగుతున్నది. వరంగల్ నుంచి రక్తం చూసే మేడం వచ్చిందని రాధ చెప్పింది. సారక్క చేట కింద పెట్టి నా దిక్కు తిరిగింది.

"పేపరు మీద రాసే మేడానివా అక్కా?" అన్నది.

అరుగు మీద కూర్చున్నాను. బెల్లం సంచి ఆమె చేతిలో పెట్టి, ఈశ్వరి ఎట్లుందని అడిగాను. అంతే, ముప్పై ఆరేళ్ల ప్రశ్న, అడగడానికి రెండు క్షణాలు పట్టింది.

పత్తి ఏరడానికి పోయింది, అన్నానికి వస్తదని సారక్క చెప్పింది. మామూలుగా, ఈ రోజు మంగళవారం అన్నట్టు చెప్పింది. నేను మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. రాధ కంగారుపడి నీళ్లు తెచ్చింది.

తర్వాత సారక్క మిగతాది చెప్పింది. ఆ వానాకాలం పిల్లకు జ్వరం. సమ్మయ్య నాలుగు రోజులుగా వానలో తడుస్తూ ఊళ్లు తిరిగి వచ్చాడు. పిల్ల చేయి పట్టుకోనివ్వక ఏడ్చి ఏడ్చి నీలమైపోయింది. సారక్క తన వేలు చాపింది. పాలు తాగే పిల్ల కదా, పిల్లకు దగ్గు వస్తే కషాయం తల్లే తాగుతుంది, పిల్లకు కడుపు చెడితే పత్యం తల్లే ఉంటుంది. అట్లాంటప్పుడు రక్తం మాత్రం తల్లిది పనికిరాదా? అది ఆమె తర్కం. నేను తప్పు పట్టలేకపోయాను. మా తమ్ముడికి జ్వరం వస్తే మా అమ్మ నెల రోజులు కారం లేకుండా తినడం నేను చూశాను. సమ్మయ్య కూడా అట్లాంటి ఇంట్లో పెరిగినవాడే. కాదు కాదంటూనే సారక్క వేలు పొడిచి, ఫారం మీద ఈశ్వరి పేరు రాశాడు.

అంటే నేను చూసింది జ్వరం లేని తల్లి రక్తం. మూడు వందల చోట్ల కాదు, మూడు వేల చోట్ల వెతికినా అందులో పురుగు ఉండదు.

వారానికి పిల్లకు మూర్ఛలు వచ్చాయి. అప్పుడు పిల్ల వేలే పొడిచి, ఆ డబ్బాను కండక్టర్‌కు అందేట్టు ఊరివాళ్ల చేత పంపించి, జవాబు కోసం ఆగకుండా పిల్లను ఎత్తుకున్నాడట. వాగు పొంగి ఉంది. వంట చేసే పెద్ద గంజులో పిల్లను కూర్చోబెట్టి, సమ్మయ్య, సారక్క మొగుడు దాన్ని పట్టుకుని ఈదుతూ దాటించారు. ఏటూరునాగారం దవాఖానలో ఇరవై రోజులు ఉంచి బతికించారు. ఎడమ చెవి మాత్రం పోయింది.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది. సారక్క కందులు వేళ్లతో కదుపుతూ, తనూ ఆ మాటే అడిగిందని, సార్ ఈ అరుగు మీదే కూర్చుని జవాబు చెప్పాడని అన్నది. ఆ మాటలు ఆమెకు కంఠతా ఉన్నాయి.

"ఆ మేడం సక్కగనే చూసింది సారక్కా, నేను రాసిన పేరే అబద్ధం అన్నడు. నిజం రాస్తె కొలువు పోతది. రాయకపోతె, అబద్ధాన్ని నడుమ పెట్టుకొని ఇప్పపూల ముచ్చట ఎట్ల రాయాలె అన్నడు."

నా కళ్లు తప్పు చేయలేదు. ఇన్నేళ్లు మోసిన బరువు దిగింది, సంతోషపడాలి. రాలేదు సంతోషం. ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది మహానుభావా అని అరుగును చూస్తూ అనుకున్నాను. ఆ వెంటనే, ఒక్క ముక్క అడిగితే నాకేం పోయేదని కూడా అనుకున్నాను. అక్కడ ఆయన, ఇక్కడ నేను, తప్పు నాదంటే నాదని ఎవరికి వాళ్లం నోరు కట్టుకుని కూర్చున్నాం. ఆయనకు పెళ్లయిందని, ఇద్దరు పిల్లలని సారక్క చెప్పింది. మంచిదే. నాకు కావలసింది ఆ సంసారం కాదు, ఇంకొక్క పేపరు ముక్క. చదవాలని ఇప్పటికీ ఉంది, ఇక ఎప్పటికీ ఉంటుంది.

మధ్యాహ్నానికి ఈశ్వరి వచ్చింది. నడుముకు కట్టిన గుడ్డ నిండా పత్తి, జుట్టులో పత్తి, చామనఛాయ మొహం మీద చెమట. నేను పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. ఎడమ వైపు నిలబడ్డానని గుర్తొచ్చి కుడి వైపుకు తిరిగి పిలిచాను. బీపీ గోలీలు ఇచ్చే మేడమా అని తల్లిని అడిగింది. నేను కాదనలేదు. ఆమె చేయి ఒకసారి ఇమ్మని అడిగి, వేళ్లు చూశాను. పత్తి బుగ్గల ముళ్లకు చీరుకుపోయి ఉన్నాయి. చూపుడు వేలి కొస మీద నా బొటనవేలు పెట్టి కొంచెంసేపు ఉంచాను. ఆమె విడిపించుకోలేదు, పట్నం వాళ్ల పద్ధతి ఇట్లుంటుందేమో అనుకున్నట్టుంది.

పోయే ముందు సారక్క నన్ను తలుపు పక్కకు తీసుకుపోయింది. ఎర్రగా అలికిన గోడ మధ్యలో జానెడు చదరం అలకకుండా వదిలేసి ఉంది. లోపల పాత సున్నం, సున్నం మీద పెన్సిలుతో తారీఖులు, ఒక్కోదాని పక్కన "స" అనే అక్షరం. ఇంటికి వచ్చిపోయిన గుర్తుగా ఆనాటి మలేరియా వర్కర్లు గోడ మీద వేసే చదరం అది. పెద్దాఫీసరు వచ్చి చూస్తే, ఏ రోజు ఎవరొచ్చారో తెలియాలి. మిగతా ఇళ్లలో ఎప్పుడో మాసిపోయాయి. సారక్క మాత్రం ప్రతి పండుగకూ గోడ అలుకుతూ, దాని చుట్టే తిప్పి అలికింది. సార్ చేతిరాత ఉన్న ఇంట్లోకి జ్వరం రాదని ఆమె నమ్మకం. జ్వరం రానిది గోడకు కొట్టిన మందు వల్ల, దోమతెర వల్ల అని రాధ వాదించింది. సర్కారు మలేరియా జీతం తిన్నదాన్ని, నేను రాధ వైపు మాట్లాడవలసింది. గోడకు ఇంకా దగ్గరగా జరిగాను.

ఆ "స" నాకు తెలుసు. తోక కొంచెం కిందికి సాగుతుంది. ఒక్కో తారీఖు మీద వేలు పెట్టి చదివాను. నా పెళ్లప్పటివి ఉన్నాయి, మా అమ్మాయి పుట్టినప్పటివి ఉన్నాయి. చివరి తారీఖు కింద రెండు వేళ్ల ఖాళీ మిగిలి ఉంది.

నువ్వు గూడ వచ్చినవు గదక్కా, రాయి అన్నది సారక్క. రాధ సంచిలోంచి పెన్సిలు ఇచ్చింది. ఆయన చివరి తారీఖు కింద ఆ రోజు తారీఖు వేసి, పక్కన "వ" అని రాశాను. ఇంకా కొంచెం చోటుంది. అక్షరాలు చిన్నవి చేసి రాశాను: "వాగు తగ్గింది. వచ్చిన."

సారక్కకు చదువు రాదు. ఏం రాసినవని అడగలేదు. తడి చేత్తో చదరం అంచులు తుడిచి, వెనక్కి జరిగి చూసి, ఈసారి పండుగకు నీది గూడ ఇడిసిపెట్టి అలుకుత అక్కా అన్నది.